ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్న కోట: ఎల్ట్స్‌లో ఒక రోజు

జర్మనీ కోటల్లో ఎల్ట్స్‌నే ఎంచుకోవడానికి నా కారణం కాస్త విచిత్రం. దాని అందం గురించి కాదు, ఆస్తి పంపకాల గురించి విని వెళ్ళాను. ఎల్ట్స్ వాళ్ళు రాజులేం కాదు, మోజెల్ నది దగ్గర వర్తకుల దారి కాసుకుని బతికిన చిన్న దొరలు. 1157లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఇచ్చిన దానపత్రంలో రుడాల్ఫ్ ఫన్ ఎల్ట్స్ పేరు సాక్షిగా కనిపిస్తుంది. 1268లో ఎలియాస్, విల్హెల్మ్, థియోడెరిక్ అనే అన్నదమ్ములు కోటనూ భూములనూ మూడు వాటాలు వేసుకున్నారు.

కోబ్లెంజ్ నుంచి రీజనల్ ట్రైన్‌లో మోజెల్‌కెర్న్‌లో దిగి, వాగు వెంట అడవిలో సుమారు 5 కిలోమీటర్లు నడిచాను. చెట్ల మధ్య ఏమీ కనిపించదు, చివర్లో ఒక్కసారిగా కోట ఎదురవుతుంది. కారులో వస్తే పైన పార్కింగ్ ఉంది, అక్కడి నుంచి షటిల్ బస్సు. పెద్దవాళ్ళు తోడుంటే బస్సే మేలు. నాకైతే నడకే సగం యాత్ర.

లోపలి ముంగిట్లో నిలబడి తలెత్తితే పంపకం కళ్ళకు కడుతుంది. ప్రహరీ ఒకటే, గేటు ఒకటే, చుట్టూ వేర్వేరు కాలాల్లో కట్టిన ఇళ్ళు. స్థలం చాలక ఒక్కో శాఖ పైకి కట్టుకుంటూ పోయింది. వాటాదారులు ఒకరి మీద ఒకరు కత్తి దూయకుండా ఒప్పందపత్రాలు కూడా రాసుకున్నారు. మన ఊళ్ళో పెద్దమనుషులు రాయించే కాగితమే గుర్తొచ్చింది.

గైడెడ్ టూర్ 40 నిమిషాలు, లోపల ఫొటోలు తీయనివ్వరు. ఆ అన్నదమ్ముల సంతతిలో ర్యూబెనాఖ్, రోడెన్‌డార్ఫ్ అనే రెండు శాఖల ఇళ్ళు చూపిస్తారు. పడకగది పక్కన ప్రార్థనా మందిరాన్ని గోడ బయటికి పొడుచుకొచ్చిన గూట్లో పెట్టారు. దేవుడి నెత్తి మీద మనుషులు కాపురం ఉండకూడదు కదా! అందరూ కలిసే పెద్ద హాల్లో విదూషకుల తలలు చెక్కారు, ఇక్కడ ఏదైనా మాట్లాడొచ్చని. తలుపు మీద గులాబీ, ఆ మాట గడప దాటకూడదని. టూర్ మాత్రం తొందర తొందరగా సాగింది, ఆ హాల్లో ఇంకో పది నిమిషాలు ఉండనిస్తే బాగుండేది. ఖజానా గది టూర్‌లో భాగం కాదు, మన ఇష్టం వచ్చినంతసేపు చూడొచ్చు. వెండి బంగారాల మీద మోజు లేకపోయినా వెళ్ళండి.

బయట కొండ మీద ట్రుట్సెల్ట్స్ శిథిలాలున్నాయి. 1331లో ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డుయిన్ ఈ దొరలను లొంగదీసుకోవడానికి కట్టించిన ముట్టడి కోట అది. అక్కడి నుంచి రాతిగుండ్లు విసిరించాడు. 1336లో సంధి కుదిరి, వీళ్ళు అతని సామంతులయ్యారు. వాటాలు మాత్రం 1815 దాకా సాగాయి. ఆ ఏడాది ఎలియాస్ సంతతి వాళ్ళు మిగిలిన భాగం కొనేసి మొత్తం కోటను ఒక్క చేతికి తెచ్చారు. ఇప్పటికీ అది వాళ్ళదే.

బసకు మోజెల్ ఒడ్డునే ఉన్న కోహెమ్ అనే ఊరు ఎంచుకున్నాను. నది ఒడ్డు, రెస్టారెంట్లు, సందడి అన్నీ బాగున్నాయి. నేను దిగిన లాడ్జికి లిఫ్ట్ లేదు, పెట్టె మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కాను. ఉదయం ఆరింటికి కింద సీసాల చప్పుడు. మళ్ళీ వెళ్తే కోబ్లెంజ్‌లో స్టేషన్ దగ్గరే దిగుతాను. శాకాహారులు కోట దగ్గర పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. నా పులిహోర డబ్బా వాగు ఒడ్డునే ఖాళీ అయింది. శీతాకాలంలో కోట మూసేస్తారు, ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్య చూసుకోండి.