సంచిలో జానెడు కడ్డీ

పాత లేతు, అంటే ఇనుమును గిరగిరా తిప్పుతూ ఉలితో కోసే మిషను, కొనడానికి ఊళ్ళు తిరిగేవాడి సంచిలో మూడుండాలి: పాతిక మిల్లీమీటర్ల లావున జానెడు ఎమ్మెస్ (మెత్తటి ఉక్కు) కడ్డీ, వెంట్రుకవాసి కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజ్ ఒకటి అయస్కాంతం దిమ్మతో సహా, లావు కొలిచే మైక్రోమీటరు ఒకటి. తెనాలిలో బయల్దేరినప్పుడు నా కడ్డీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లావు. తిరుగుళ్ళు పూర్తయ్యేసరికి దాని మీద మెట్లు పడ్డాయి. మిషనుకు కరెంటిచ్చి ‘తిప్పి చూసుకోండి’ అన్న ఊరికొక మెట్టు. బెంగళూరు మెట్టు మాత్రం లేదు.

ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో కారు లేని కారు షెడ్డు ఒకటుంది. అందులో బెంచి వైసు, డ్రిల్లింగ్ మిషను, గ్రైండరు చేరాయి. బొమ్మ ఆవిరి ఇంజను చేద్దామని కూర్చుంటే పిస్టనుకొకసారి, సిలిండరుకొకసారి బజార్లో లేతు నడిపే టర్నర్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది. వాళ్ళకేమో ట్రాక్టరు పనులు. నా గోలీకాయంత పిస్టను ఎప్పుడూ ‘రేపు రండి’లోనే ఉండేది. అందుకని నాలుగున్నర అడుగుల బెడ్డు, ఒక హార్స్‌పవర్ మోటారు ఉన్న లేతు, తొంభై వేలు దాటకుండా కొందామని తేల్చుకున్నాను. బెడ్డు అంటే లేతుకు పొడవాటి ఇనప పట్టాలు; వాటి ఒక కొసన కడ్డీని పట్టి తిప్పేది చక్కు, ఎదుటి కొసన ఆసరా టెయిల్‌స్టాక్, మధ్యలో ఉలిని మోస్తూ జరిగేది కేరేజీ.

ముందు విజయవాడ ఆటోనగర్. పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు, బస ఖర్చు లేదు. అక్కడ లేత్‌లకు కరువు లేదు గానీ ఎక్కువగా లారీ సామాను తిప్పేవి, ఎనిమిదడుగులు, పదడుగులు. నా కొలతలో అమ్మకానికున్నవి రెండే. రెండింటికీ కొత్తగా ఆకుపచ్చ రంగేశారు, బెడ్డు మీద కూడా చుక్కలు పడ్డాయి. పక్క షెడ్డు టర్నరు, ఇంచుమించు నా ఈడువాడే, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“రంగు చూడమాకండి మాస్టారూ. కేరేజీని చక్కు దగ్గరికి లాగి, లూజు లేకుండా పట్టీలు బిగించండి. ఇప్పుడు చక్రం తిప్పుకుంటా అటు చివరికి తీసుకెళ్ళండి.”

తీసుకెళ్ళాను. సగం దాటాక బిర్రబిగుసుకుపోయింది. పనంతా చక్కు దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్డు అక్కడే అరుగుతుంది, టెయిల్‌స్టాక్ వైపు కొత్తదిలాగే ఉంటుంది. అరిగిన చోట సరిపెట్టి బిగిస్తే అరగని చోట కదలదు. ఏళ్ళ తరబడి ఘర్షణ గురించి నల్లబల్ల మీద రాసినవాణ్ణి, ఈ చిన్న కిటుకు ఎన్నడూ తట్టలేదు. రెండోదీ అంతే. ఆ టర్నరే నా కడ్డీని తన లేతుకు బిగించి, నాలుగంగుళాల పొడవున పైపైన కోత కోసి, రెండు కొసలూ మైక్రోమీటరుతో కొలిపించాడు. రెండు కొలతలూ ఎంత దగ్గరగా ఉంటే మిషను అంత నిక్కం. టీ డబ్బులు కూడా తీసుకోలేదు. కొనడానికి కాకపోయినా నేర్చుకోవడానికి ఆటోనగర్‌ను మించింది నాకు దొరకలేదు.

డిసెంబరులో శేషాద్రి ఎక్కి, మర్నాడు పొద్దెక్కాక బెంగళూరులో దిగాను. మెజెస్టిక్ దగ్గర లాడ్జి, రోజుకు పన్నెండొందలు. దుప్పటి శుభ్రం, రాత్రంతా బస్సుల మోత, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఇనుము కొనే ఉద్దేశం ఉంటే గది చూసే ముందు మెట్లు లెక్కపెట్టండి. అయితే మెట్రో గుమ్మంలోనే ఉంది, ఫ్యాక్టరీల పీణ్యాకూ బజార్ల చిక్‌పేటకూ ఒకే లైను. తిప్పలల్లా స్కానరు దగ్గర. గార్డు కడ్డీని పైకి తీసి అటూ ఇటూ తిప్పి, డయల్ గేజ్ బుడిపెను రెండుసార్లు నొక్కి, ముల్లు తిరుగుతుంటే ముచ్చటపడి వదిలేశాడు. రెండోరోజు ఆ అదృష్టాన్ని నమ్ముకోకుండా ఆటో ఎక్కాను.

చిక్‌పేట దగ్గరి ఎస్పీ రోడ్డు మాత్రం మన బోటివాళ్ళకు తిరనాళ్ళే. డయల్ గేజ్‌లు, కొలెట్‌లు, కార్బైడ్ ఇన్సర్ట్‌లు, స్విచ్చులు, బేరింగులు, అన్నీ ఒకటీ అరా కూడా ఇస్తారు. నేను వీఎఫ్‌డీ అనే డ్రైవు డబ్బా కొన్నాను. పాత లేత్‌లకు చాలావాటికి త్రీ ఫేజ్ మోటార్లుంటాయి, ఇంట్లో వచ్చేది సింగిల్ ఫేజ్. ఈ డబ్బా సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇస్తుంది, పైగా వేగం మన చేతిలో ఉంటుంది. ఒక్క మెలిక ఉంది. 230 వోల్టులు తీసుకునే డ్రైవు బయటికిచ్చేదీ అంతే. 415 వోల్టులకు స్టార్‌లో కలిపిన మోటారైతే దాన్ని డెల్టాకు మార్చాలి (మోటారు లోపలి తీగచుట్లను కలిపే రెండు పద్ధతులివి). మార్చాలంటే మోటారు డబ్బాలో ఆరు వైర్లు బయటికి వచ్చి ఉండాలి. మూడే ఉంటే లోపల ముడి విప్పడానికి వైండింగ్ వాడి దగ్గరికే. కౌంటరు దగ్గర కుర్రాడు ఇదంతా బిల్లు వెనక బొమ్మ గీసి చెప్పాడు, అదీ చక్కటి తెలుగులో.

పీణ్యాలో పాత మిషన్ల షెడ్డు ఒకటి చూశాను. మిషను పైకి బాగానే ఉంది. “కరెంటు కనెక్షన్ లేదు సార్, కండిషన్ గ్యారంటీ” అన్నాడు షెడ్డు ఆసామి. నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. దండం పెట్టి బయటికొచ్చాను. అక్కణ్ణుంచి జాలహళ్ళిలో హెచ్ఎంటీ మ్యూజియానికి వెళ్ళాను. ఆ పేరు వింటే మనకు నాన్నగారి చేతి గడియారం గుర్తొస్తుంది. కానీ 1953లో ఆ సంస్థ పుట్టింది లేత్‌ల వంటి మర పనిముట్లు చేయడానికి, అదీ స్విట్జర్లాండ్ ఓర్లికాన్ కంపెనీ సాయంతో. గడియారాలు 1961లో వచ్చాయి. ఒక పూట కేటాయించినా నష్టం లేదు.

మధ్యాహ్నం బయల్దేరే డబుల్ డెక్కర్ ఉదయ్‌లో కోయంబత్తూరు. కూర్చునే ప్రయాణమే అయినా హాయిగా సాగింది. గాంధీపురం లాడ్జి బెంగళూరు దానికన్నా చవక, నిశ్శబ్దం, కింది అంతస్తులోనే గది. వేణ్ణీళ్ళు మాత్రం ఆరింటి నుంచి ఎనిమిది దాకానే. మోటార్లు, పంపులు, గ్రైండర్లు చేసే ఊరు కదా, టీ కొట్టు దగ్గర కూడా బేరింగ్ నంబర్ల కబుర్లే.

గణపతి వైపు పాత మిషన్ల షెడ్డు ఉందంటే వెళ్ళాను. ఆసామి నా తమిళం ఒక నిమిషం ఓపిగ్గా విని, “తెలుగేనా మీది?” అన్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆయన మాటల్లో సగం మా నాయనమ్మ మాటల్లా వినిపించాయి. అడక్కుండానే స్విచ్చి వేశాడు. కడ్డీని తిరగేసి రెండో కొస కోశాను. తేడా 0.01 మిల్లీమీటరు! చక్కు దగ్గర కేరేజీ బిగించి లాగితే చివరిదాకా ఒకే బరువుతో నడిచింది. చెప్పిన ధర లక్షా ముప్పై వేలు. లోడింగు, లారీ కలిపితే నా లెక్కకు అందదు. బేరం లక్షా ఇరవై దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ ఆ మిషను కళ్ళల్లో మెదులుతుంది. నిబ్బరంగా ఖర్చుపెట్టగలవాళ్ళు నేరుగా కోయంబత్తూరుకే వెళ్ళండి, మిగతా ఊళ్ళు అక్కర్లేదు.

ఉత్త చేతులతో రావడం ఇష్టం లేక ఆరంగుళాల ఫోర్ జా (నాలుగు దవడల) చక్కు ఒకటి కొన్నాను. ఈ తెలివితక్కువ పని ఫలితం తర్వాత చెబుతాను.

మిగిలిన పూట అవినాశి రోడ్డులో జీ.డీ. నాయుడి మ్యూజియంలో గడిపాను. 1893లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టి, ఒక్క బస్సుతో మొదలెట్టి, 1937లో బాలసుందరం నాయుడితో కలిసి ఈ దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసిన మనిషి. ఆయన చేసిన షేవింగ్ రేజరు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వస్తువు చేతిలోకి రాగానే విప్పి చూడాలనిపించే జబ్బు మనకొక్కరికే కాదని ధైర్యం వస్తుంది.

తిరుగు ప్రయాణం శబరిలో. డిసెంబరు కదా, బోగీ నిండా మాలధారులు. నా సంచిని సీటు కిందికి జరపబోయిన స్వామి దాని బరువుకు ఆగిపోయాడు.

“ఏముంది స్వామీ ఇందులో?”

“చక్కు, స్వామీ.”

చక్రపొంగలి అనుకున్నాడో ఏమో, కళ్ళకద్దుకున్నంత పనిచేసి జాగ్రత్తగా పెట్టాడు. తెనాలిలో దిగేటప్పుడు ఇద్దరు స్వాములు దాన్ని ప్లాట్‌ఫాం మీదికి అందించారు.

సంక్రాంతి వెళ్ళాక హైదరాబాదు. సికింద్రాబాద్ స్టేషనుకు ఎదురు సందులో లాడ్జి. గది ఇరుకు, కిటికీ తీస్తే గోడ. పనిముట్ల బజారు రాణిగంజ్‌కు నడిచే దూరమని తీసుకున్నాను. తీరా వెళ్ళింది ఆదివారం, బజారంతా షట్టర్లు! సరేనని మెట్రోలో అమీర్‌పేట వెళ్ళి మారి ఎర్రగడ్డ సంతకు పోయాను. అక్కడ ఆదివారమే సందడి. పాత ఆకురాళ్ళు, స్పానర్లు, ట్యాపులు నేల మీద కుప్పలు. ఆకురాళ్ళు మంచివి దొరికాయి. పళ్ళ మీద వేలు ఎదురు నడిపితే గీరుకోవాలి, జారితే పని అయిపోయిందన్నమాట. ఒకతని దగ్గర మైక్రోమీటరు మూడొందలకు వస్తుంటే ఆశపడ్డాను. గదిలో చూస్తే పూర్తిగా మూసినా సున్నాకు రాలేదు, ఎక్కడో కిందపడి వంగినట్టుంది. కొలిచే సామాను సంతలో కొనకండి, కోసే సామాను కొనుక్కోండి.

సోమవారం బాలానగర్. 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉన్నదీ అక్కడే. అసలు ఈ జంట నగరాలకు మిషన్ టూల్స్ కొత్త కాదు. ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. సందుల్లో తిరుగుతుంటే ఒక వర్క్‌షాపులో కంప్యూటరుతో నడిచే సీఎన్సీ మిషను పెట్టి పాత లేతు అమ్మేస్తున్నారని తెలిసింది. వెళ్ళేసరికి దాని మీద ఇంకా పని నడుస్తోంది. అమ్మే మిషను పనిలో ఉండగా చూడటం అన్నిటికన్నా మంచి శకునం.

“కరెంట్ మీదనే ఉంది సార్. తిప్పి సూస్కోండ్రి, మీ కడ్డీనే పెట్టుండ్రి.”

మొదటి కొస మీదే మూడంగుళాల మేర మళ్ళీ కోశాను. తేడా 0.03. చక్కు దగ్గర బెడ్డు కాస్త అరిగింది, ఉలిని అడ్డంగా జరిపే క్రాస్ స్లయిడు చక్రంలో పావు చుట్టు లూజు. కానీ గేర్లు మొత్తం ఉన్నాయి, పళ్ళు విరగలేదు, మోటారులో ఆరు వైర్లూ బయటే. త్రీ జా, ఫోర్ జా రెండు చక్కులూ, పొడవాటి కడ్డీకి ఆసరా ఇచ్చే స్టెడీ కలిపి డెబ్భై ఎనిమిది వేలు. లూజును తెలిసి కొంటున్నాం కాబట్టి తిప్పేటప్పుడు లెక్కలోకి తీసుకోవచ్చు, తెలియకుండా వచ్చిందే ముంచుతుంది. ఇచ్చేశాను.

లారీ ఆఫీసు పేరు చెప్పను. తెనాలి డోర్ డెలివరీ అని రసీదు రాసి గుంటూరు గోడౌనులో దించారు. రెండు రోజులు ఫోన్లు, ఆ పైన మళ్ళీ ట్రాలీ కిరాయి. రసీదు మీద ‘ఇంటి గుమ్మం దాకా, దించడం వాళ్ళదే’ అని రాయించుకోండి. కేరేజీని టెయిల్‌స్టాక్ చివరికి లాగి బిగించి పంపాను, అదొక్కటి మంచి పని చేశాను. హమాలీలు కేరేజీని నడిపే పొడవాటి మరకడ్డీకే, అంటే లీడ్ స్క్రూకే, తాడు వేయబోతే అరిచి ఆపాను. అది వంగితే మర కోయడం కలే. తాడు బెడ్డు కిందుగా వేయించి, చైను కప్పీతో ఎత్తి, మూడు పైపు ముక్కల మీద దొర్లించి షెడ్డులోకి చేర్చాం. గేటు రెండంగుళాలు చాలకపోతే మా ఆవిడే సుత్తి తెచ్చి మడతబందు పిన్ను కొట్టి రెక్క ఊడదీసింది.

కోయంబత్తూరు చక్కు ఈ లేతు కుదురుకు ఎక్కదు. స్పిండిలు (చక్కు ఎక్కే ఇరుసు) మర వేరు, మధ్యలో రెండింటినీ కలిపే బ్యాక్ ప్లేటు తిప్పించుకోవాలి. లేతు ఇంటికి రాకుండా చక్కు కొన్నందుకు ఇది శిక్ష. ప్రస్తుతానికి అది షెడ్డు తలుపు మూసుకుపోకుండా అడ్డంగా ఉంటోంది.

బెడ్డును ఇంకా లెవెల్ చేయాలి. అందాకా ఆ 0.03లో మిషను వాటా ఎంతో, నేల వాటా ఎంతో తేలదు. మేస్త్రీల మట్టం దీనికి పనికిరాదు, మిషన్ లెవెల్ కావాలి. దానికోసం మళ్ళీ రాణిగంజ్ వెళ్ళాలి, ఈసారి ఆదివారం కాకుండా.