అసెంబ్లీ మార్చాలంటే ముందు మీటరు పెట్టమనండి: హైదరాబాద్‌లో ఈవీ లైట్లు, స్క్రీన్ల రిపేరు సర్వీసుల రివ్యూ

ఎలక్ట్రిక్ కారు హెడ్‌లైట్ ఆరిపోయినా, డ్యాష్‌బోర్డ్ మీది స్క్రీన్ నల్లబడినా చాలా వర్క్‌షాపుల్లో మొదట వినిపించే మాట ఒకటే: "అసెంబ్లీ మార్చాలి సార్," అంటే లైటునో స్క్రీన్‌నో మొత్తంగా తీసేసి కొత్తది పెట్టాలని. చాలా ఎల్‌ఈడీ లైట్లకు విడి బల్బు ఉండదు, స్క్రీన్ లోపలి బోర్డును కంపెనీలు మామూలుగా విడిగా అమ్మవు. కాబట్టి ఆ మాట కొన్నిసార్లు నిజమే. కానీ 12 వోల్టుల బ్యాటరీకి మీటరు పెట్టకుండా, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీసి చూడకుండా ఆ మాట అన్నారంటే ఆ సర్వీసుకు అక్కడే సగం మార్కులు పోయినట్టు. నగరంలో ఈ పనికి దొరికేవి మూడు రకాలు: కంపెనీ సర్వీస్ సెంటర్లు, ఆటో ఎలక్ట్రీషియన్లతో పాటు లైట్ల షాపులు, డిస్‌ప్లేలు బాగుచేసేవాళ్లు. మూడింటినీ తూచాల్సింది ఈ ఒక్క తూకంతోనే.

ముందు ఆ చిన్న బ్యాటరీ సంగతి. నేల కింద ఉన్న పెద్ద ప్యాక్ బండిని లాగుతుంది. లైట్లు, స్క్రీన్, తాళాలు, లోపలి కంప్యూటర్లు నడిచేది మాత్రం 12 వోల్టుల లైను మీదే. పెట్రోలు బండిలో ఈ బ్యాటరీ నీరసిస్తే పొద్దున్నే స్టార్టర్ మూలుగుతుంది, ఓనరుకు సంగతి ముందే తెలిసిపోతుంది. ఈవీలో స్టార్టర్ లేదు. పెద్ద ప్యాక్‌ను కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్‌లు కొద్దిపాటి కరెంటుతోనే మూసుకుంటాయి, బండి మామూలుగానే రెడీ అయిపోతుంది. నీరసం బయటపడేది ఎలక్ట్రానిక్స్‌లో: స్క్రీన్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, ఒక వైపు లైటు వెలగదు, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు వార్నింగులు ఒకేసారి వస్తాయి. చూసేవాళ్లకు స్క్రీన్ పోయినట్టు ఉంటుంది, పోయింది బ్యాటరీ.

పరీక్ష ఐదు నిమిషాల పని. రాత్రంతా ఆగి ఉన్న బండిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.5 వోల్టులకు పైన చూపాలి. 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ అయినట్టే. బండిని నడపడానికి సిద్ధంగా, అంటే రెడీ మోడ్‌లో పెడితే పెద్ద ప్యాక్ కరెంటును 12 వోల్టుల లైనుకు తగ్గించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్ పనిలోకి దిగుతుంది, చాలా బండ్లలో మీటరు 13.5 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. రెడీలోనూ 12.6 దాటకపోతే కన్వర్టర్ వైపు లేదా దాని వైరింగ్ వైపు చూడాలి, అది కంపెనీ సెంటర్ పని. నారింజ రంగు కేబుళ్ల జోలికి బయటి మెకానిక్ ఎవరూ వెళ్లకూడదు, అవి ప్రాణాంతకమైన వోల్టేజీ మోసే తీగలు. ఆగిన బండిలోనూ రికార్డింగ్ చేసే డ్యాష్‌క్యామ్‌ను నేరుగా వైరింగ్‌కు కలిపి ఉంటే, దాన్ని తీసి రెండు రోజులు చూసి మళ్లీ కొలవాలి. మన ఎండలకు లెడ్ యాసిడ్ బ్యాటరీలు త్వరగా డొల్లవుతాయి. మూడేళ్లు దాటితే అనుమానం మొదట దాని మీదే పెట్టుకోవాలి.

కంపెనీ సెంటర్ల బలం స్కానర్. బండి కంప్యూటర్లలో దాగిన ఫాల్ట్ కోడ్‌లన్నీ చదవగలిగేది, కొత్త లైటును లేదా స్క్రీన్‌ను నడిపే కొత్త హెడ్ యూనిట్‌ను బండి గుర్తుపట్టేలా కోడింగ్ చేయగలిగేది, అధికారిక సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగేది వాళ్లే. బలహీనత ఏమిటంటే, వచ్చీపోయే సమస్యను పట్టే ఓపిక తక్కువ. పది గంటలకు బండి ఇస్తే, నీడలో ఉన్న బేలో స్క్రీన్ చక్కగా పనిచేస్తుంది, సాయంత్రానికి జాబ్ కార్డు మీద "సమస్య కనిపించలేదు" అని రాసి తాళం చేతిలో పెడతారు. అందుకే సమస్య వచ్చినప్పుడు ఫోన్‌తో వీడియో తీసి, తేదీ, సమయం, ఎండలో ఉందా, ఛార్జింగ్‌లో ఉందా అన్న వివరాలు జాబ్ కార్డులో రాయించాలి. సాఫ్ట్‌వేర్ వెర్షన్, 12 వోల్టుల రీడింగ్, దొరికిన ఫాల్ట్ కోడ్‌లు కూడా అందులో ఎక్కాలి. ఆ మూడూ రాసిచ్చే సెంటర్ మంచి సెంటర్. ఇంకో మాట, బ్యాటరీ ప్యాక్‌కు చెప్పే ఎనిమిదేళ్ల వారంటీ లైట్లకూ స్క్రీన్‌కూ వర్తించదు. నెక్సాన్ ఈవీ, ఎంజీ జెడ్‌ఎస్ ఈవీ మన మార్కెట్‌లోకి వచ్చింది జనవరి 2020లో. ఆ తొలి బండ్ల ఓనర్లు పొడిగించిన వారంటీ కాగితంలో హెడ్‌లైట్, ఇన్ఫోటైన్‌మెంట్ (అంటే స్క్రీన్) అన్న పదాలు ఉన్నాయో లేదో వెతుక్కోవాలి.

హెడ్‌లైట్ విషయంలో వానాకాలం ఫిర్యాదు ఒకటే, లోపల ఆవిరి. అద్దం మూలలో సన్నటి మంచులా పట్టి, ఎండ తగిలాక పోతే అది లోపం కాదు, లైటుకు గాలి ఆడే రంధ్రం ఉంటుంది కాబట్టి తేమ వచ్చి పోతుంటుంది. హాలోజన్ బల్బు వేడికి అది త్వరగా ఆరేది. ఎల్‌ఈడీ వేడి ముందుకు కాకుండా వెనక వేడిని లాగేసే హీట్‌సింక్‌లోకి పోతుంది కనుక అద్దం మీది తేమ ఎక్కువసేపు నిలుస్తుంది. బొట్లు కారినా, అడుగున నీళ్లు నిలిచినా మాత్రం వదలకూడదు. కారణాలు మామూలుగా ఇవే: బురదతో మూసుకుపోయిన వెంట్ పొర (ఆ గాలి రంధ్రం మీది పొర), సరిగా బిగించని వెనక మూత, చిన్న బంపర్ దెబ్బకు తగిలించే చెవుల దగ్గర పడిన వెంట్రుకంత చీలిక, ప్రెషర్ వాష్ గన్‌ను లైటు అంచుకు ఆనించి కొట్టడం. మునిగిన అండర్‌పాస్ దాటిన బండి అయితే కప్లర్లో పచ్చటి తుప్పు కూడా వెతకాలి.

వారంటీ లోపల ఉన్న లైటును బయట విప్పించడం శుద్ధ తప్పు. వారంటీ దాటితే మాత్రం, పనితనం తెలిసిన లైట్ల షాపు పదుల వేలు మిగిల్చగలదు. ఆ షాపుకు పెట్టాల్సిన ప్రశ్నలు రెండు. సీల్ దేనితో వేస్తారు? బ్యూటైల్ (వేడికి మెత్తబడే రబ్బరు జిగురు) అనాలి. లైటును దాదాపు 90, 100 డిగ్రీల వేడిలో పెట్టి పాత బ్యూటైల్ మెత్తబడ్డాక విప్పి, గాడిలో ఉన్న పాతదంతా గీకేసి కొత్తది వేయాలి. పాతదాని మీదే కొత్తది అంటిస్తే తర్వాతి వానకే కారుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ గొట్టం బయటికి తీశారంటే బండి వెనక్కి తీసుకోండి, ఆ సిలికాన్ ఆరేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం లోపలి రిఫ్లెక్టర్ పూతను, బోర్డు కాంటాక్టులను తినేస్తుంది. రెండో ప్రశ్న, ఈ మోడల్ లైటు వేడికి విడిపోతుందా? కొన్ని లైట్లను గట్టిపడే జిగురుతో అంటిస్తారు, అవి కోస్తే తప్ప రావు. అది చూసి "ఇది మా వల్ల కాదు" అని చెప్పే మనిషి నమ్మదగిన మనిషి.

లైటు పొడిగా ఉండి కూడా వెలగకపోతే ఎర్త్ చూడాలి. లైటు వెలిగించిన స్థితిలో, లైటు కప్లర్ దగ్గరి ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు కంటే ఎక్కువ చూపితే ఆ బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించాలి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. చాలా కొత్త బండ్లలో లో బీమ్‌కు విడి ఫ్యూజు ఉండదు, లైట్లు, తాళాల లాంటివి నడిపే కంప్యూటర్ అయిన బాడీ కంట్రోల్ మాడ్యూలే కరెంటు ఇస్తుంది, లోపం కనిపిస్తే అదే ఆపేస్తుంది. అందుకని ఫ్యూజు బాక్సు చూసి "అంతా ఓకే" అంటే సరిపోదు. ఎల్‌ఈడీకి కరెంటు అందించే డ్రైవర్ మాడ్యూల్ లైటుకు బయట విడిగా ఉన్న మోడళ్లలో ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూస్తారు. చీకటి మాడ్యూల్‌తో పాటు జరిగితే మాడ్యూల్ పోయినట్టు, ఉన్నచోటే ఉంటే లైటు లేదా వైరింగ్. ఈ ఒక్క పని చేసే ఎలక్ట్రీషియన్ దొరికితే నంబరు దాచుకోవాలి.

హాలోజన్ లైట్లున్న కింది వేరియంట్లకు 100 వాట్లు, 150 వాట్లు అని డబ్బా మీద రాసిన ఎల్‌ఈడీ బల్బులు పెట్టే షాపులకు ఇక్కడ సున్నా. హాలోజన్ తీగ ఉండే చోటును లెక్కపెట్టి చేసిన రిఫ్లెక్టర్లో ఎల్‌ఈడీ చిప్ పెడితే వెలుగు చెదిరి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, మన దారి మాత్రం చీకటిగానే ఉంటుంది. పైగా మాడ్యూల్ ఆశించినంత కరెంటు ఈ బల్బు లాగక లైటు మినుకుతుంది. దానికి వైరు కోసి రెసిస్టర్ కడతారు, ఆ కోతతో వైరింగ్ వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది.

ఇక స్క్రీన్. నల్లబడిందన్న మాటతో ఏమీ తేలదు. పాట వినిపిస్తూ, స్టీరింగ్ బటన్లు పనిచేస్తూ బొమ్మ మాత్రం రాకపోతే బ్యాక్‌లైట్, ప్యానెల్ లేదా మధ్య కేబుల్. కంపెనీ లోగో దగ్గరే మళ్లీమళ్లీ మొదలవుతుంటే సాఫ్ట్‌వేర్ లేదా మెమరీ. బొమ్మ బాగుండి వేలికి పలకకపోతే పైనున్న టచ్ పొర. తనంతట తానే నొక్కుకుంటుంటే ముందు స్క్రీన్ గార్డు తీసి, చవక యూఎస్‌బీ ఛార్జర్ పీకి చూడాలి. అది మధ్యాహ్నం ఎండలోనే జరిగి, ఏసీ వేశాక తగ్గితే వేడి కారణం. మే నెలలో ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డ్ పైభాగం 70 డిగ్రీలు దాటడం వింత కాదు. ముందు అద్దానికి ఐదు వందల రూపాయల సన్‌షేడ్ ఈ విషయంలో ఏ రిపేరు కంటే మేలు.

మెమరీ అరిగిపోవడం ఊహ కాదు. టెస్లా 2018 వరకు చేసిన మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల స్క్రీన్ కంప్యూటర్లో 8 జీబీ ఫ్లాష్ మెమరీ ఉండేది. రోజూ పనితీరు చిట్టాలు, అంటే లాగ్‌లు రాసీ రాసీ ఆ చిప్ అరిగి స్క్రీన్లు చచ్చిపోయాయి, వెనక కెమెరా, అద్దం మీది ఆవిరి తీసే కంట్రోల్ కూడా వాటితోనే పోయాయి. అమెరికా రహదారి భద్రతా సంస్థ పట్టుబట్టాక 2021లో దాదాపు 1,35,000 కార్లు రీకాల్ అయ్యాయి, 64 జీబీ చిప్‌లు వేశారు. 2022 మేలో అదే కంపెనీ దాదాపు 1,30,000 కార్లను మళ్లీ పిలిచింది. ఫాస్ట్ ఛార్జింగ్‌లో ప్రాసెసర్ వేడెక్కి స్క్రీన్ ఆగిపోయేది, దాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే సరిచేశారు. లక్షణం ఒకటే అయినా ఒకదానికి చిప్ మార్చాలి, రెండోదానికి అప్‌డేట్ చాలు. సాఫ్ట్‌వేర్ చూడకుండా యూనిట్ ఆర్డర్ పెట్టే సెంటర్‌ను ఎందుకు ఆపాలో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

డిస్‌ప్లే రిపేరర్ల దగ్గరికి పగిలిన గాజు, చచ్చిన టచ్ పొర, బ్యాక్‌లైట్ వరకు వెళ్లొచ్చు, అదీ వారంటీ లేనప్పుడే. బోర్డు మీది మెమరీ చిప్ మార్చే పని అయితే, పాత చిప్‌లోని డేటాను చదివి కొత్తదానిలో ఎక్కించగలమని ముందే చెప్పాలి. ఆ డేటా పోతే యూనిట్ బండిని గుర్తుపట్టదు. కంపెనీ స్క్రీన్ తీసేసి బయటి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించుకోవడం ఈవీలో అసలు వద్దు. ఛార్జింగ్ షెడ్యూల్, ఏసీ, రీజెన్ (వేగం తగ్గేటప్పుడు బ్యాటరీలోకి కరెంటు తిరిగి పంపే పని) సెట్టింగులు చాలా మోడళ్లలో పాత స్క్రీన్ గుండానే నడుస్తాయి.

వర్క్‌షాపుకు వెళ్లేముందు ఇంట్లో చేయదగింది ఒకటే: బండి ఆపి, ఓనర్ మాన్యువల్‌లో చెప్పిన బటన్‌తో స్క్రీన్ రీబూట్. 12 వోల్టుల నెగటివ్ తీసి పెట్టే చిట్కాను మాన్యువల్ ఒప్పుకుంటేనే వాడాలి. తర్వాత కిటికీల ఆటో అప్ మళ్లీ నేర్పాల్సి రావచ్చు.

డెలివరీ మధ్యాహ్నం తీసుకోవద్దు, చీకటి పడ్డాక తీసుకోండి. లైటు మార్చినా విప్పినా దాని గురి చెదురుతుంది. సమతలంగా ఉన్న సెల్లార్‌లో గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలిపి లో బీమ్ వేస్తే, వెలుగు పై అంచు లైటు మధ్యభాగం ఎత్తు కంటే సుమారు 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి, రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండాలి. లోపల లెవెలింగ్ నాబ్ ఉంటే సున్నా మీద పెట్టి చూడాలి. రివర్స్ వేసి కెమెరా వస్తోందో, స్క్రీన్ నుంచి అద్దం ఆవిరి తీసే బటన్ పనిచేస్తోందో అక్కడే నొక్కి చూడండి. తేడా ఉంటే జాబ్ కార్డు మూయనివ్వకండి. అయినా కదలకపోతే రాసిచ్చిన కాగితాలన్నీ పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.