ఒకటే సరుకు, రెండు తూకాలు

అమెరికాలో 1986లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కొకైన్‌ను రెండు రకాలుగా చూసింది. ఒకటి పొడి, ఇంకోటి క్రాక్. నిజానికి రెండూ ఒకటే సరుకు. పొడిని నీళ్లలో వంటసోడాతో కలిపి కాస్తే గడ్డకట్టేదే క్రాక్.

తూకం దగ్గరికొస్తే చూడండి. అమ్మేవాడి దగ్గర పొడి అరకిలో దొరికితేనే తప్పనిసరి ఐదేళ్ల జైలు. క్రాక్ అయితే 5 గ్రాములు చాలు, అంటే టీలో వేసుకునే చెంచాడు పంచదారంత!

పొడి ఖరీదైనది, డబ్బున్నవాళ్ల పార్టీల్లో, గదుల్లో తిరిగేది. క్రాక్ కొద్ది డాలర్లకే నల్లజాతివాళ్ల పేటల్లో వీధి మలుపుల్లో దొరికేది. పోలీసులు ఎక్కువగా కాపుకాసిందీ అక్కడే. ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ కేసుల్లో శిక్ష పడినవాళ్లలో ఏళ్ల తరబడి 80 శాతానికి పైగా నల్లజాతివాళ్లే. చట్టంలో జాతి మాట ఎక్కడా లేదు, అవసరమూ రాలేదు.

2010లో క్రాక్ హద్దును 28 గ్రాములకు పెంచారు. పొడి తూకానికి, క్రాక్ తూకానికి మధ్య 100కు 1గా ఉన్న తేడా కాస్తా 18కి 1 అయింది. ఈ 18కి శాస్త్రం ఏమీ లేదు, సెనేట్‌లో బేరమాడి తేల్చిన అంకె. అప్పటికే జైల్లో ఉన్న పాత ఖైదీలు ఆ సడలింపు కోసం 2018 దాకా ఆగాల్సి వచ్చింది.