సైనికుడి దేహం ఇంటికా, పడిన చోటేనా?

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ ప్రశ్నకు బ్రిటన్, అమెరికా వేర్వేరు జవాబులు చెప్పాయి. బ్రిటన్ ఎవరి దేహాన్నీ ఇంటికి తీసుకెళ్లనివ్వలేదు. అమెరికా నిర్ణయాన్ని కుటుంబాలకే వదిలింది. దాదాపు 46 వేల దేహాలు సముద్రం దాటి వచ్చాయి, 30 వేల దాకా యూరప్‌లోనే ఉండిపోయాయి.

ఖర్చు: ఇంటికి తెస్తే భారం ప్రభుత్వానిది. అక్కడే ఉంచితే సమాధి చూడటానికి వెళ్లే ఖర్చు కుటుంబానిది. అయితే 1930-33 మధ్య అమెరికా, యూరప్‌లో ఉండిపోయినవాళ్ల తల్లులను, భార్యలను తన ఖర్చుతోనే పంపింది.

సమానత్వం: ఇందులో బ్రిటన్ పద్ధతి గొప్పది. అధికారికైనా, మామూలు సిపాయికైనా ఒకే కొలత రాయి. దాని అడుగున ఇంటివాళ్ల మాటకు 66 అక్షరాల చోటు, పదాల మధ్య ఖాళీలతో కలిపి. కొడుకు గురించి చెప్పాల్సిందంతా అందులోనే ఇమడాలి. దానికీ మొదట అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు. ఇది మాత్రం నాకు మింగుడుపడదు.

దేహం దొరక్కపోతే: రెండు దారులూ మూసుకుపోతాయి. పేరు చెక్కడమే మిగులుతుంది. ఫ్రాన్స్‌లోని థియెప్వాల్ స్మారకం మీద అలాంటి పేర్లు 72 వేలకు పైనే.

కడసారి చూపు: ఇంటికి తేవడానికి ఇంతకన్నా బలమైన కారణం లేదు. 1999 కార్గిల్ యుద్ధంలో మన జవాన్లు జెండా కప్పిన పెట్టెల్లో సొంతూళ్లకు వచ్చారు.

అయినవాళ్ల చేతుల మీదుగా అంత్యక్రియలు జరగాలనుకునే సమాజంలో, మృతులను గుర్తించగలిగినప్పుడు, ఇంటికి తేవడమే న్యాయం. మృతులు లక్షల్లో ఉండి, డబ్బున్నవాళ్లే తెచ్చుకోగలిగే పరిస్థితి ఉంటే, తోటివాళ్ల పక్కనే ఉంచడం మేలు.