ఆర్‌వీజీఎల్ రివ్యూ: పాత రీవోల్ట్‌కి కొత్త ట్రాకులు ఎక్కిస్తే ఎలా ఉంది

రీవోల్ట్ గుర్తున్నవాళ్ళకే ఈ రివ్యూ, మిగతావాళ్ళు వదిలేయొచ్చు. 1999లో అక్లెయిమ్ అనే కంపెనీ తెచ్చిన రిమోట్ బొమ్మ కార్ల రేసు ఆట అది. వీధిలో, సూపర్‌మార్కెట్లో, మ్యూజియంలో, ఓడ మీద గుద్దుకుంటూ పోవడం, వెనకాలోడి మీదకి నూనె వదలడం, ముందున్నోడి మీదకి తారాజువ్వ వేయడం. కంపెనీ 2004లోనే దివాలా తీసింది గానీ అభిమానులు ఆటని వదల్లేదు, ఇప్పటి సిస్టమ్‌లకి తగ్గట్టు ఇంజిన్‌ని, అంటే ఆటని నడిపించే ప్రోగ్రామ్‌ని, తిరగరాసి ఆర్‌వీజీఎల్ పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. విండోస్, లైనక్స్, ఆండ్రాయిడ్ అన్నిట్లోనూ ఉంది.

భీమవరంలో మా ఇంట్లో మూలన పడున్న కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్‌లో వేశాను, 2 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు కూడా లేదు. ఎక్కడా ఆగకుండా నడిచింది. ఆట సంగతి అంతే, కొత్తగా చెప్పేదేం లేదు. అసలు విషయం కస్టమ్ ట్రాకులు.

రీవోల్ట్ వరల్డ్ లాంటి సైట్లలో జనం సొంతంగా చేసిన ట్రాకులు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. ఎక్కించడానికి ఇన్‌స్టాలర్ ఏమీ ఉండదు. జిప్ ఫైలు దించుకుని, ఆట ఉన్న ఫోల్డర్లోనే విప్పాలి. లోపల సాధారణంగా లెవెల్స్, జీఎఫ్‌ఎక్స్ అని రెండు ఫోల్డర్లు ఉంటాయి, అవి ఆటలో అప్పటికే ఉన్న అదే పేరు ఫోల్డర్లలో కలిసిపోవాలి. విప్పే సాఫ్ట్‌వేర్ జిప్ పేరుతో పైన ఇంకో ఫోల్డర్ తయారు చేసిందంటే ట్రాక్ జాబితాలోకి రాదు, మనం ఫైల్ పాడైందనుకుని మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తూ కూర్చుంటాం. ఇంకోటి, లెవెల్స్‌లో ఉండే ట్రాక్ ఫోల్డర్ పేరు మార్చకండి. లోపల డాట్ ఇన్ఫ్ అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, దాని పేరూ ఫోల్డర్ పేరూ ఒకటే అయితేనే ఆట గుర్తుపడుతుంది. తెర మీద కనిపించే పేరు ఆ ఫైలు లోపల ఉంటుంది, కావాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి అక్కడ మార్చుకోండి. జీఎఫ్‌ఎక్స్‌లోది మెనూలో కనిపించే బొమ్మ మాత్రమే, అది లేకపోయినా రేసుకి ఇబ్బంది లేదు. లైనక్స్‌లో అయితే ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి, అది చూసుకుంటే చాలు.

ఇక నాణ్యత. ఇక్కడే నా గొడవంతా. స్క్రీన్‌షాట్ చూసి ట్రాక్ ఎంచుకుంటే బోల్తా పడతారు. చూడ్డానికి అదిరిపోతుంది, రేసు మొదలెడితే కంప్యూటర్ కార్లన్నీ మొదటి మలుపులోనే గోడకి గుద్దుకుని అక్కడే గింజుకుంటూ ఉంటాయి, సంతలో తాడు తెంచుకున్న దూడల్లాగా. కారణం డాట్ ఫ్యాన్ ఫైలు. కంప్యూటర్ కార్లు ఏ దారిన పోవాలో అందులో చుక్కలు చుక్కలుగా గీసి ఉంటుంది, చేసినోడు ఓపికగా గీయకపోతే అంతే సంగతులు. డాట్ టాజ్ అని ఇంకోటి ఉంది, ట్రాక్‌ని వరుస జోన్లుగా విడగొట్టేది. జోన్లన్నీ వరసగా దాటితేనే ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు, లెక్కలోకి వస్తుంది. అది సరిగ్గా పెట్టని ట్రాకులో ఎంత బాగా నడిపినా ల్యాప్ పడదు, ఒళ్ళు మండిపోతుంది. అందుకే నేను కొత్త ట్రాక్ దించగానే ఒక రేసు మొత్తం కంప్యూటర్ కార్ల వెనకాలే మెల్లగా పోతాను. అవి చక్కగా పోతుంటే ఉంచుతా, లేదంటే ఫోల్డర్ డిలీట్. తీసేయడం కూడా అంత తేలికే.

ఓపిక ఉన్నోళ్ళకి ఒక దారి ఉంది. ఆటగాడి పేరు దగ్గర మేక్‌ఇట్‌గుడ్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఖాళీ లేకుండా కొడితే ఎడిట్ మోడ్ తెరుచుకుంటుంది, ఆ చుక్కలన్నీ కనిపిస్తాయి, సరిచేసుకోవచ్చు కూడా. మన కోనసీమ కాలవ గట్టు మీద బొమ్మ కార్లు పరిగెత్తే ట్రాక్ ఎవరైనా చేస్తే బావుణ్ణు, కొబ్బరి బొండాలు అడ్డంగా దొర్లుతూ ఉంటే ఇంకా మజా.

లాంచర్ అని విడిగా ఒకటిస్తున్నారు, అది ట్రాకుల ప్యాక్‌లు మొత్తం తనే దించి సర్దేస్తుంది. ఫైబర్ నెట్ ఉన్నవాళ్ళకి హాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే లంక ఊళ్ళ వాళ్ళకి మాత్రం నేను చెప్పను, రోజు డేటా అంతా దానికే పోతుంది, అందులో సగం ట్రాకులు మనం ముట్టుకోం కూడా. ఒక్కొక్కటి దించుకోవడమే నయం. నచ్చినవి పోగయ్యాక కప్స్ ఫోల్డర్లో ఒక టెక్స్ట్ ఫైలు రాసుకుని సొంత ఛాంపియన్‌షిప్ కూడా పెట్టుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చింది.

నచ్చనిది ఏంటంటే, జాబితా పెరిగేకొద్దీ కావాల్సిన ట్రాక్ వెతుక్కోవడం విసుగు. మెనూలు కూడా 1999లో ఉన్నట్టే ఉన్నాయి.

మొత్తానికి ఐదుకి నాలుగిస్తా. సంక్రాంతికి బావలూ మరదళ్ళూ దిగితే అందరి ల్యాప్‌టాప్‌లూ ఒకే వైఫైకి కలిపి ఆడుకోవచ్చు, కాకపోతే అందరి దగ్గరా అవే ట్రాకులుండాలి. పండక్కి ముందే లెవెల్స్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోండి, భోగి రోజు అందరూ ఒకేసారి డౌన్‌లోడ్ మొదలెడితే ఏ నెట్టూ కదలదు.