పసుపు బస్సులో పైకి, కాలినడకన కిందికి: స్విస్ పోస్ట్‌ఆటో మీద నా రివ్యూ

స్విట్జర్లాండ్ ట్రిప్ అనగానే మనవాళ్లంతా రైళ్ల గురించే అడుగుతారు. మంచు కొండ మీదికి వెళ్లే రైలు, పెద్ద అద్దాల కిటికీల రైలు. చూడాల్సినవే, కాదనను. కానీ నడుస్తూ ఆ పల్లెలూ పచ్చికలూ చూడాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది పసుపు బస్సు గురించి. దాని పేరు పోస్ట్‌ఆటో. 1906లో పోస్టాఫీసు వాళ్లు బెర్న్ నుంచి డెట్‌లిగెన్ అనే ఊరికి మొదటి మోటారు లైను మొదలుపెట్టారు. ఉత్తరాల సంచులతో పాటు మనుషుల్ని మోసిన ఆ సర్వీసే ఇప్పుడు రైలు పట్టాలు చేరని ఎన్నో లోయల్లో తిరుగుతోంది.

మేం ఉండేది బెర్న్‌లో. కారు లేదు. కొందామా అని ఇంట్లో మాట వచ్చినప్పుడల్లా వద్దనేది నేనే. నా కారణం నడకే. కారులో వెళ్తే ఎంత దూరం నడిచినా చివరికి కారు పెట్టిన చోటికే తిరిగి రావాలి. అందుకే కారువాళ్లు చుట్టు దారులు వెతుక్కుంటారు, లేదంటే వెళ్లిన దారినే వెనక్కి వస్తారు. బస్సుకైతే ఆ బంధం లేదు. ఒక స్టాపులో దిగి, గట్టు దాటి, అవతలి లోయలో ఇంకో స్టాపులో ఎక్కేయొచ్చు. నా మోకాళ్లకు దిగడం కష్టం. కాబట్టి ఎక్కుడు ఎక్కువగా, దిగుడు తక్కువగా ఉండే దారి నేనే ఎంచుకోవచ్చు. మా ఆయనకు నేరుగా కిందికి దిగడం ఇష్టం, ఆయన అది ఎంచుకుంటాడు. ఇద్దరం ఒకే బస్సులో వెళ్తాం.

ఈ సర్వీసును విడిగా చూస్తే సగమే చూసినట్టు. మిగతా సగం దారి పక్కన ఉండే పసుపు బోర్డులు. ఈ చిన్న దేశంలో గుర్తులు పెట్టిన కాలిబాటలే దాదాపు 65,000 కిలోమీటర్లు. బోర్డు మీద ఊరి పేరుతో పాటు అక్కడికి నడిచే సమయం రాసి ఉంటుంది. ఆ ఊళ్లో బస్సు ఉంటే పక్కన చిన్న బస్సు బొమ్మ కూడా వేస్తారు. అడవి మధ్యలో నిలబడి, ఏ దారి పట్టుకుంటే బస్సు దొరుకుతుందో ఎవర్నీ అడగకుండా తెలుసుకోవచ్చు. కొత్త చోట నాకు దీనివల్ల వచ్చినంత ధైర్యం ఫోన్ మ్యాపు వల్ల రాలేదు.

ఈ బోర్డుల వెనక ఒక బడి పంతులున్నాడు. పేరు జాకబ్, ఇంటిపేరు ఎస్ (Ess). 1930లో పిల్లల్ని తీసుకుని క్లౌజెన్ కనుమ మీదుగా నడిచి వెళ్తుంటే, రోడ్డంతా మోటారు బళ్లూ దుమ్మూ. నడిచేవాళ్లకు చోటే లేకుండా పోయింది. నడిచేవాళ్లకు వేరే దారి ఉండాలని ఆయన పట్టుబట్టాడు. 1934లో కాలిబాటల సంఘం పుట్టింది. 1979లో జనం ఓటేసి కాలిబాటల రక్షణను రాజ్యాంగంలోనే పెట్టించుకున్నారు. ఇవాళ అదే క్లౌజెన్ కనుమ మీదికి వేసవిలో బస్సు వెళ్తుంది. ఎక్కేది నడిచేవాళ్లే.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన లైను: రైఖెన్‌బాఖ్ నుంచి గ్రీసల్ప్‌కి. కీన్‌టాల్ అనే ఊరి దాకా మామూలు కొండ రోడ్డే. చింగెల్‌జే అనే లోతులేని చెరువు దాటాక అసలు దారి మొదలవుతుంది. కొన్ని చోట్ల వాలు 28 శాతం. యూరప్‌లో ఇంత నిటారుగా ఎక్కే పోస్ట్ బస్సు లైను ఇంకొకటి లేదని చెబుతారు. మలుపులు ఎంత ఇరుకంటే, ఈ లైనుకు పొట్టి బస్సులే వాడతారు. గుడ్డి మలుపు వచ్చినప్పుడు డ్రైవరు మూడు స్వరాల హారన్ కొడతాడు. ఇలాంటి పోస్ట్ రోడ్ల మీద నీలం బోర్డులో పసుపు రంగు కొమ్ముబూర బొమ్మ ఉంటుంది. అక్కడ ఎదురొచ్చే బండి ఆగాలన్నా, వెనక్కి వెళ్లాలన్నా పోస్ట్ బస్సు డ్రైవరు చెప్పిందే రూలు.

అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఈ లైనే ఎక్కించాను. రాతి గోడకూ లోయకూ మధ్య బస్సు తిరుగుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఏమే, ఈ బండి ఇందులో దూరుతుందా?" అంది.

"దూరుతుందమ్మా. రోజూ ఇదే దారి."

"డ్రైవరుని చూడు, ఎంత నిదానంగా ఉన్నాడో," అని తర్వాత తనే సర్దుకుంది. ఆ నిదానం నిజం. తొందరపడే డ్రైవరుని నేను ఈ లైన్లో చూడలేదు.

గ్రీసల్ప్ 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. గట్టి నడకవాళ్లకు ఇక్కణ్ణుంచి రెండు పెద్ద కనుమలకు దారులున్నాయి: ఒకటి 2,612 మీటర్ల సెఫినెన్‌ఫుర్గె, రెండోది 2,778 మీటర్ల హోటూర్లి. అవి మా ఆయన సంగతి. అమ్మతో నేను వచ్చిన దారినే కాలినడకన దిగాను. బస్సు మలుపులు తిరిగిన కొండనే బాట వాగు పక్కనుంచి దిగుతుంది. పోఖ్టెన్‌ఫాల్ జలపాతం దగ్గర నీళ్లు రాతిని గిన్నెలా తొలిచేశాయి. చప్పుడుకి మాట వినబడదు. తడి రాళ్ల దగ్గర అమ్మ చెయ్యి వదల్లేదు, మీరూ పెద్దవాళ్లతో వెళ్తే వదలకండి. కింద చింగెల్‌జే చెరువు చూస్తే ఎప్పట్నుంచో ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి 1972లో ఒక గాలివాన రోజున వాగు కొట్టుకొచ్చిన రాళ్లూ మట్టీ లోయకు అడ్డంపడి ఏర్పడింది. ఆ తర్వాత మెల్లగా పూడిపోతూ వస్తోంది. మధ్యలో ఇసుక మేటలు, పాయలుగా విడిపోయిన నీళ్లు. చెరువు దగ్గరే స్టాపు ఉంది. అలసిపోతే అక్కడే ఎక్కేయొచ్చు, ఓపిక ఉంటే కీన్‌టాల్ దాకా నడవొచ్చు. అమ్మ నడుస్తానంది.

రెండో సిఫారసు గ్రోసె షైడెగ్. గ్రిండెల్వాల్డ్‌కీ మైరింగెన్‌కీ మధ్య 1,962 మీటర్ల ఎత్తున్న కనుమ. మైరింగెన్ నుంచి ష్వార్జ్‌వాల్డ్‌ఆల్ప్ అనే చోటు దాకా పోస్ట్‌ఆటో, అక్కణ్ణుంచి కనుమ మీదుగా గ్రిండెల్వాల్డ్‌కి నడిపేది ఆ ఊరి బస్సు కంపెనీ. కనుమ రోడ్డు మీద ప్రైవేటు కార్లకు అనుమతి లేదు. అందుకే పైన దిగగానే వినిపించేది ఆవుల మెడల్లో గంటలే. అక్కణ్ణుంచి ఫస్ట్ అనే చోటికి బాట కొండ వాలు పట్టుకుని వెళ్తుంది, మొత్తం ఎక్కుడు రెండు వందల మీటర్ల చిల్లర. ఎదురుగా వెటర్‌హార్న్, ఐగర్ శిఖరాలు. దిగడానికి ఫస్ట్ నుంచి రోప్‌వే ఉంది, మోకాళ్లకు దానికన్నా ఏం కావాలి.

ఇక టైము లెక్క. ఈ సర్వీసుతో సుఖపడాలంటే ఇది ఒక్కటి నేర్చుకోవాలి. బోర్డు మీద సమయం చదును నేల మీద గంటకు 4.2 కిలోమీటర్ల నడక లెక్కన, ఎక్కుడు దిగుళ్లు కలుపుకుని వేస్తారు. అందులో ఆగే సమయం ఉండదు. తిండికీ, ఫోటోలకూ, చెప్పులో రాయి తీసుకోవడానికీ పట్టే టైము మనమే కలుపుకోవాలి. నేను లెక్క చివర్నుంచి మొదలుపెడతాను. చివరి బస్సు ఐదున్నరకు, దాని ముందుది నాలుగున్నరకు అనుకుందాం. నా గురి ఎప్పుడూ నాలుగున్నర బస్సే. బోర్డు మూడు గంటలంటే నేను నాలుగున్నర గంటలు వేసుకుంటాను. అంటే పన్నెండింటికల్లా నడక మొదలవ్వాలి, పొద్దున బస్సు దానికి తగ్గట్టు చూసుకోవాలి. చివరి బస్సు మీదే ఆధారపడితే ఆ రోజంతా వాచీ చూసుకోవడమే అవుతుంది, ఆ టెన్షన్‌లో కొండ కనబడదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎత్తైన కనుమల లైన్లు వేసవిలోనే నడుస్తాయి. మంచు కరిగి రోడ్డు తెరిచాక మొదలై శరదృతువులో ఆగిపోతాయి. మే నెలలో సెలవులకు వచ్చేవాళ్లకు ఇది పెద్ద నిరాశ, టికెట్లు బుక్ చేసుకునేముందే చూసుకోండి. మారుమూల లైన్లలో రోజుకు బస్సులు కొన్నే. స్టాపులో అతికించిన పట్టికలో కొన్ని సమయాల పక్కన సున్నా చుట్టిన అంకె ఉంటుంది: 1 అంటే సోమవారం, 7 అంటే ఆదివారం. అది గమనించకపోతే ఆ రోజు లేని బస్సు కోసం కూర్చోవాల్సి వస్తుంది. పట్టిక ప్రతి డిసెంబరులో మారుతుంది, కాబట్టి పోయినేడు తీసిన ఫోటోను నమ్మకండి. ఎండ కాసిన ఆదివారం చిన్న బస్సులు నిండిపోతాయి. గుంపుగా వెళ్లేవాళ్లు ముందే సీట్లు చెప్పుకోవాలి. ఛార్జీలు కూడా తక్కువేం కావు. ఇక్కడ ఉండేవాళ్లకు హాఫ్‌ఫేర్ కార్డు లేకుండా ఈ సరదా కుదరదు. దాంతో రైలూ బస్సూ రెండింట్లోనూ సగం ధరే. టూరిస్టులుగా వచ్చేవాళ్లకు స్విస్ ట్రావెల్ పాస్ పోస్ట్ బస్సుల్లో కూడా చెల్లుతుంది. ఆరేళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్ల వెంట ఉచితం.

ఇవన్నీ కలిపి చూసినా నేను ఐదుకి ఐదు ఇస్తాను. ఎందుకంటే రైలూ బస్సూ ఒకదానికొకటి కలిసేలా టైములు వేసి ఉంటాయి, టికెట్టు కూడా ఒక్కటే. పెద్ద ఊరి స్టేషన్లో ఎక్కి, చిట్టచివరి కొండ స్టాపులో దిగేదాకా మళ్లీ కొనక్కర్లేదు.

మొదటిసారి వచ్చి, చేతిలో ఒక్కరోజే ఉంటే గ్రీసల్ప్‌కే వెళ్లండి. బెర్న్ నుంచి గానీ ఇంటర్లాకెన్ నుంచి గానీ స్పీట్స్ స్టేషన్‌కి రండి, అక్కడ ఫ్రూటిగెన్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కి రైఖెన్‌బాఖ్‌లో దిగండి. స్టేషన్ దగ్గరే పసుపు బస్సు ఉంటుంది. పసుపు గుర్తున్న దారులకు మామూలు గట్టి బూట్లు చాలు. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలుంటే కొండ బాట, అడుగు పట్టు ఉన్న బూట్లు కావాలి, ఎత్తంటే భయం ఉండకూడదు. తెలుపు-నీలం-తెలుపు కనబడితే అలవాటు లేనివాళ్లు వెనక్కి తిరగడమే. వానకోటు మాత్రం ఆకాశం ఎంత నీలంగా ఉన్నా సంచిలో పెట్టుకోండి.