జాగ్రత్త: "కంప్లీట్ బండి, ఇంజన్ రన్నింగ్" అని అమ్ముతున్న టాటా ఎస్టేటు పార్ట్స్ బండ్లు

నెల్లూరు, ఒంగోలు వైపు పాత టాటా ఎస్టేటును (వెనక సామాను జాగా ఎక్కువున్న పాత డీజిల్ కారు) ఇంటి దగ్గరే బాగుచేసుకుంటూ, సామాను ఊడదీసుకోవడానికి ఇంకో ఎస్టేటు, అంటే పార్ట్స్ బండి, వెతుకుతున్న అన్నలకు, తమ్ముళ్ళకు ఈ హెచ్చరిక. అడ్వాన్సు పంపే ముందు ఇది చదవండి.

జరిగింది ఇదీ. పాత బండ్ల సామాను అమ్మే ఒక వ్యాపారి, చెన్నైలో ఎస్టేటు ఉంది, ఒక్క బోల్టు కూడా తియ్యలేదు, ఇంజన్ రన్నింగ్ అని చెప్పి కొనేవాళ్ళకు నాలుగు ఫొటోలు, ఒక చిన్న వీడియో పంపాడు. ఫొటోలు నాలుగూ ముందు వైపు నుంచి తీసినవే. వీడియోలో బానెట్ తెరిచి ఇంజన్ ఆడించి చూపించాడు. సగం డబ్బు ఫోన్‌పేలో ముందే తీసుకున్నాడు, మిగతా సగం కావలి దగ్గర బండి లారీ దిగకముందే డ్రైవరు చేత వసూలు చేయించాడు. దిగాక చూస్తే డిక్కీ డోరుకు అద్దం లేదు, దాని చోట ప్లాస్టిక్ షీటు కోసి స్క్రూలతో బిగించి ఉంది. వెనక పక్క అద్దాలు రెండూ లేవు. ఒక టెయిల్ ల్యాంపు వేరే బండిది, సిలికాన్ పూసి అతికించారు. కార్పెట్ ఎత్తితే ఎండిన ఒండ్రు. ఆర్సీ అడిగితే జిరాక్సు చేతిలో పెట్టారు. డబ్బు తిరిగి ఇమ్మంటే వచ్చిన జవాబు: "ఇంజన్ రన్నింగ్ అని చెప్పాను, రన్నింగ్‌లోనే ఉందిగా."

ఆ జవాబులోనే అసలు మోసం ఉంది. ఎస్టేటుకు పార్ట్స్ బండి కొనేది ఇంజన్ కోసం కాదు. 1992లో వచ్చిన ఈ బండికి వేసిన 1948 సీసీ డీజిల్ ఇంజన్నే అంతకు ముందు ఏడాది వచ్చిన టాటా సియెర్రాకూ, 1994లో వచ్చిన టాటా సుమోకూ వేశారు. పాత సుమోలు ఊరికి నాలుగు తిరిగాయి కాబట్టి ఆ ఇంజన్ సామాను ఈరోజుకీ దొరుకుతుంది. బానెట్, ముందు మడ్‌గార్డులు, డ్యాష్‌బోర్డు లాంటి ముందు భాగాలు సియెర్రా నుంచీ తెచ్చుకోవచ్చు. దొరకనిదల్లా ముందు డోరుకూ వెనక డోరుకూ నడుమ ఉండే మధ్య స్తంభం దాటాక ఉన్న సామాను. వెనక డోర్లు, వాటి అద్దాలు, వెనక పక్క అద్దాలు, డిక్కీ డోరు, దాని అద్దం, టెయిల్ ల్యాంపులు, చుట్టూ ఉండే రబ్బరు బీడింగులు, లోపలి ప్లాస్టిక్ ట్రిమ్ములు, వెనక సీటు మడిచే లాకులు. ఇవి ఎస్టేటుకు తప్ప దేనికీ రావు. సియెర్రాకు మూడే డోర్లు, దాని వెనక సగం అసలు వేరే బండి. ఈ సంగతి మనకన్నా అమ్మేవాడికి బాగా తెలుసు. అందుకే వెనక సామాను ముందే విడిగా అమ్మేసుకుని, మిగిలిన డొక్కును "కంప్లీట్" అంటూ మనకు అంటగడుతున్నారు.

కాబట్టి ఫొటోలు అడిగేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టి అడగండి. డిక్కీ మూసి ఒకటి, తెరిచి ఒకటి, డిక్కీ డోరు కింది అంచు దగ్గరగా, వెనక అద్దాలు నాలుగు వైపుల నుంచి, స్టెప్నీ తీసేసిన చోటు, వెనక సీటు ఎత్తి దాని కింద. ఆ రోజు పేపరు పక్కన పెట్టి తీయమనండి. పాత ఫొటోలు చూపించి డొక్కు పంపడం ఇక్కడ మామూలైపోయింది. వెనక ఫొటోలు పంపడానికి నసిగితే అక్కడితో వదిలెయ్యండి. ఇంజన్ వీడియో ఎంత బాగున్నా సరే.

పాత బండ్ల సామాను బజారు ఉన్న చెన్నై పుదుపేటకు నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లే. ఉదయం బండెక్కితే చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. చూడకుండా అడ్వాన్సు పంపడానికి ఏ కారణమూ లేదు. వెళ్ళేటప్పుడు వెంట తీసుకుపోవాల్సినవి: గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చి, కొలత టేపు, ఒక స్క్రూడ్రైవరు, మీ బండి వెనక అద్దాలు, టెయిల్ ల్యాంపుల కొలతలు రాసిన కాగితం. సియెర్రా డోరు, ఎస్టేటు డోరు ఒకటేనని ఎవరైనా అంటే మాట నమ్మొద్దు, టేపు పెట్టి చూడండి. ఇంజన్ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. "207 (టాటా పికప్ బండి) ఇంజన్ ఉంది, నేరుగా కూర్చుంటుంది" అంటారు. 207 డీఐ ఇంజన్ 2956 సీసీ. అది మన ఇంజన్ కాదు, మౌంటింగులతో సహా అన్నీ మార్చుకోవాలి.

వరద నీళ్ళలో మునిగిన బండ్ల గురించి విడిగా చెప్పాలి, మన వైపు వచ్చేవాటిలో ఇవి ఉంటున్నాయి. 2015 చివర్లో చెన్నై మునిగింది, 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు ఊళ్ళు మునిగాయి, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు మళ్ళీ చెన్నై. నీళ్ళలో నానిన బండి పార్ట్స్ కోసమైనా పనికిరాదని కాదు. అద్దాలకు, డిక్కీ డోరుకు కొనవచ్చు, ఆ ధరకే. కానీ వైరింగ్, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు, గేర్ బాక్సు, వెనక యాక్సిల్ ఉన్నాయని లెక్కేసి డబ్బు ఇవ్వకండి. వైరు చివర తెగిన చోట నుంచి నీరు ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకుతుంది, రాగి నల్లబడుతుంది, తర్వాత దానికి సోల్డర్ కూడా పట్టదు. అలాంటి వైరింగ్ మీ బండిలో వేస్తే ఈరోజు హారన్, రేపు ఇండికేటర్, ఏ రోజు ఏది ఆగుతుందో చెప్పలేం.

మునిగిన బండిని కడిగి పాలిష్ చేస్తారు. అయినా కొన్ని చోట్ల గుర్తు చెరగదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే చివరి మూరలో బురద గీత కనిపిస్తుంది. హెడ్‌లైటు లోపల అద్దం మీద అడ్డగీత పడి ఉంటుంది. ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము. డోరు ప్యాడ్ ఊడదీస్తే అడుగున సన్నటి ఒండ్రు. గేర్ బాక్సులో, యాక్సిల్‌లో ఆయిలు నింపే బోల్టులు విప్పి వేలు ముంచి చూడండి. ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు దిగాయి, బేరింగులు అప్పటికే తుప్పు పట్టాయి.

తుప్పు విషయంలో బండి ఎక్కడ తిరిగిందో అడగడం సగం పరీక్ష. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో ఉన్న బండికి ఉప్పు గాలి బయట నుంచి కొడుతుంది. దానికన్నా ఘోరం రొయ్యల గుంటల మీద తిరిగిన బండి. వెనక జాగా ఎక్కువని ఎస్టేటులో మేత బస్తాలు, తడి వలలు, సీడు (రొయ్య పిల్లల) సంచులు వేసుకునేవాళ్ళు. ఆ ఉప్పునీరు కార్పెట్ కిందికి దిగి, వెనక చక్రాల మీది ఆర్చిల లోపలి మడతల్లో నిలిచిపోతుంది. పైన పెయింటు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల రేకు అప్పడంలా విరుగుతుంది. చీమకుర్తి క్వారీల దగ్గర తిరిగిన బండికి తుప్పు తక్కువే, కానీ ఫిల్టరు సరిగ్గా మార్చని ఇంజన్‌లోకి రాతి దుమ్ము వెళ్ళి లైనర్లను (సిలిండర్ లోపలి గోడలను) గీసేస్తుంది.

అయస్కాంతం పెట్టాల్సిన చోట్లు: డోర్ల కింద సిల్లు (గడప లాంటి రేకు), చక్రాల ఆర్చిల అంచులు, వైపర్ల కింది రేకు, ముందు అద్దం కింది ఫ్రేము, డిక్కీ డోరు కింది మడత. పట్టు జారితే అక్కడ పుట్టీ. డిక్కీ డోరు దగ్గర ఇంకాసేపు ఆగండి. అద్దం బీడింగు ఎండిపోయాక నీరు డోరు లోపలికి దిగుతుంది, అడుగున నీరు పోయే రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోతాయి, మడత లోపలి నుంచి తింటుంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి రేకు టంగుమంటుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది. తర్వాత డోరును సగం ఎత్తి పక్కలకు ఊపండి. కబ్జాల దగ్గర ఆడితే పైకప్పు అంచు రేకు కూడా పోయి ఉండవచ్చు. డోరును పైకి పట్టి ఉంచే గ్యాసు రాడ్లు నీరసించి ఉంటే బాధపడొద్దు, పొడవూ, ఒంటి మీద అచ్చేసిన న్యూటన్ల (బలం కొలత) అంకె చూసి కొత్తవి తెచ్చుకోవచ్చు. పాత రాడ్లకు రంధ్రం వెయ్యడం, వేడి పెట్టడం మాత్రం చెయ్యకండి, లోపల ఒత్తిడి మీద గ్యాసు ఉంటుంది.

ఇంజన్ కూడా కావాలనుకునేవాళ్ళు స్టార్టు చెయ్యకముందే బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే వేడి చేసి ఉంచారు. హీటర్ ప్లగ్గుల మీద నడిచే పాత డీజిల్‌కు అసలు పరీక్ష చల్లటి స్టార్టే. ఆడుతుండగా ఆయిల్ మూత తియ్యండి, పొగ ఆగకుండా పొంగితే రింగులు, లైనర్లు అరిగాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) గేజి పెట్టి చూపించమనండి. ఒకదానికీ ఇంకొకదానికీ పది శాతం మించి తేడా ఉంటే ఆ ఇంజన్‌ను తుక్కు ధరకే లెక్కగట్టండి.

ఇక కాగితాలు. పార్ట్స్ కోసమే కదా, ఆర్సీ ఎందుకు అనేవాళ్ళు చాలామంది. అక్కడే పెద్ద ప్రమాదం. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చాసిస్, ఇంజన్ నంబర్ల చివరి అంకెలు బండి మీద ఉన్నవాటితో కలిపి చూడండి, ఫైనాన్సు బాకీ ఉందేమో చూడండి. దొంగ బండి అని తెలిసి గానీ, అనుమానించాల్సిన కారణం ఉండి గానీ కొని ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కిందికి వస్తుంది. బండిని పూర్తిగా విప్పేసేటట్టయితే, మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం రిజిస్టరయిన ఓనరు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి ఆర్సీ అప్పగించి రద్దు చేయించాలి. ఈ పని అమ్మేవాడి చేత రాయించుకుని, రద్దయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి. లేదంటే ఆ ఆర్సీ ఇంకెక్కడో ఇంకో బండికి అతుక్కుంటుంది, విచారణ మీ పెరట్లో ఉన్న డొక్కు దగ్గరికి వస్తుంది.

మీ సొంత ఎస్టేటు ఆర్సీ గడువు అయిపోయిందని, పార్ట్స్ బండి చాసిస్ నంబరు ఉన్న ముక్క కోసి దీనికి అతికిద్దామని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. అది నేరం, దాని జోలికి పోవద్దు. గడువు దాటిన ఆర్సీని ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకు రెన్యువల్ చేయించుకోవచ్చు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు దీని ఫీజు 10,000 రూపాయలు చేశారు, బడ్జెట్‌లో ముందే వేసుకోండి. ఇంజన్ మారిస్తే కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి, అందుకని ఆ ఇంజన్‌కు బిల్లు కావాలి.

మంచి పార్ట్స్ బండే దొరికినా విప్పడంలో పాడుచేసుకుంటున్నారు. బ్యాటరీ, డీజిల్ ట్యాంకు తీశాక మొదట దించాల్సింది అద్దాలు. పక్క అద్దాలు, వెనక అద్దం టెంపర్డ్, అంచున ఒక్క దెబ్బ తగిలితే మొత్తం గుండలా రాలిపోతుంది. రబ్బరు బీడింగుతో కూర్చున్న అద్దాన్ని స్క్రూడ్రైవరుతో ఎత్తకండి. బీడింగు ఎండి గట్టిపడి ఉంటే దాని మీద ఆశ వదులుకుని బ్లేడుతో బయటి పెదవి కోసెయ్యండి, లోపల నుంచి ఇద్దరు అరచేతులతో నెట్టండి, బయట ఒకరు పట్టుకోవాలి. అద్దాలను పడుకోబెట్టకుండా, చెక్క మీద గుడ్డ పరిచి నిలబెట్టి ఉంచండి.

రేకు ముక్క కావాలంటే గ్యాస్ కట్టింగ్ వద్దు. వేడికి పలచటి రేకు అలలు తిరుగుతుంది, మళ్ళీ చదును కాదు. స్పాట్ వెల్డులను (కంపెనీలో రేకులను చుక్కల్లా అతికిన చోట్లను) 8 మిల్లీమీటర్ల బిట్టుతో తొలిచి అతుకు దగ్గర విడదీయండి. మధ్యలో కొయ్యాల్సి వస్తే కావాల్సిన దానికన్నా రెండు అంగుళాలు ఎక్కువ ఉంచి కొయ్యండి, చివరి కొలత మీ బండి మీద పెట్టి చూసుకోండి. మీ బండి సిల్లు మార్చేముందు డోరు జాగాకు అడ్డంగా యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ముక్క వెల్డు చేసి బిగించాలి. లేకపోతే బాడీ కుంగి, పనంతా అయ్యాక డోరు పడదు. వెల్డింగ్ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) మెషీనుతో, ఒకేచోట సాగదియ్యకుండా అంగుళం అంగుళం చోటు మారుస్తూ చెయ్యాలి. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చునే చోట వెల్డుకు ముందే జింక్ ప్రైమరు పుయ్యండి, తర్వాత అక్కడికి బ్రష్ పోదు.

ఇప్పటికే డబ్బు ఇచ్చి మోసపోయినవాళ్ళు ఫోన్ సంభాషణలు, ఫొటోలు, ఫోన్‌పే రసీదు చెరపకండి. డబ్బు తీసుకుని బండే పంపకపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, ఆలస్యమైనకొద్దీ డబ్బు ఆపడం కష్టం. బండి పంపి, చెప్పినట్టు లేకపోతే, అమ్మినవాడు వ్యాపారి అయితే నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వెయ్యవచ్చు. ఇచ్చిన డబ్బు ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు.

పైన చెప్పిన డొక్కును కొన్నవాళ్ళు వదిలించుకోగా అదే వ్యాపారి తక్కువకు వెనక్కి తీసుకుపోయాడు. మళ్ళీ అమ్మకానికి వస్తుంది. తెల్ల ఎస్టేటు, ఎడమ టెయిల్ ల్యాంపు చుట్టూ నల్ల సిలికాన్, డిక్కీ ఫ్రేము చుట్టూ ప్లాస్టిక్ షీటు బిగించిన పద్నాలుగు స్క్రూ రంధ్రాలు. ఈసారి ఆ రంధ్రాలు పుట్టీతో పూడ్చి ఉండవచ్చు, అయస్కాంతం అక్కడా పెట్టి చూడండి.